సివిల్ దావా ట్రయల్‌కు ఆఫీసు ఎలా సిద్ధం కావాలి: కాగితాల కట్టల నుంచి సాక్షి భోజనం దాకా

ప్రతివాది బోనులో ఉన్నాడు. మా సీనియర్ గారు క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేస్తూ, తల తిప్పకుండానే ఎడమ చెయ్యి వెనక్కి చాపారు. ఆ చేతికి అప్పుడు కావలసింది మన లీగల్ నోటీసుకు ప్రతివాది ఇచ్చిన జవాబు, అందులో మూడో పేరా. నేను కట్ట విప్పి వెతుకుతున్నాను. అర నిమిషం గడిచింది. సాక్షి ఆ అర నిమిషంలో మంచినీళ్లు తాగాడు, తన లాయరు వైపు చూశాడు, తేరుకున్నాడు. కాగితం దొరికాక అదే ప్రశ్న వేస్తే వచ్చిన జవాబు వేరేలా ఉంది.

అప్పటికి నేను జూనియర్‌గా చేరి రెండేళ్లు. కాగితం పోలేదు, కట్టలోనే ఉంది. కావలసిన క్షణంలో చేతికి అందలేదు, అంతే. ట్రయల్ జరిగే రోజున సీనియర్ బుర్రలో బోనులో ఉన్న మనిషి తప్ప ఇంకేమీ ఉండకూడదని, మిగతా బరువంతా టీమ్ మోయాలని నాకు ఆ రోజు అర్థమైంది.

జూనియర్లకు, గుమస్తాలకు, మొదటిసారి సొంతంగా ట్రయల్ నడపబోతున్న లాయర్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మన జిల్లా కోర్టుల్లో రోజూ కనిపించే ఒక ఓఎస్‌ను (ఒరిజినల్ సూట్, అంటే సివిల్ దావాను) ఉదాహరణగా పెట్టుకుందాం. 2019లో ఇంటి స్థలానికి అమ్మకపు అగ్రిమెంటు రాసుకున్నారు. అడ్వాన్సు ముట్టింది. అమ్మినాయన రిజిస్ట్రేషన్‌కు రావడం లేదు. కొన్నాయన మన క్లయింటు, స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ (ఒప్పుకున్న ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించడం) కోరుతూ దావా వేశాం. సాక్షులు నలుగురు: క్లయింటు, అగ్రిమెంటు మీద సాక్షి సంతకం చేసిన ఊరి పెద్దాయన, దాన్ని రాసిన డాక్యుమెంట్ రైటర్, బ్యాంకు అధికారి.

1. ఇష్యూలు ఫ్రేమ్ అయిన సాయంత్రమే కూర్చోండి

ట్రయల్ తేదీ పడ్డాక చూద్దాంలే అనుకునే ఆఫీసులు చాలా ఉన్నాయి. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డరు 16 రూలు 1 ప్రకారం ఇష్యూలు, అంటే కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు, సెటిల్ అయిన 15 రోజుల్లోపు సాక్షుల జాబితా వెయ్యాలి. ఆ తర్వాత కొత్త పేరు చేర్చాలంటే కారణం చెప్పి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. అంటే మొదటి గడువు ఆ రోజే మొదలైపోయింది.

ఒక పెద్ద కాగితం మీద నాలుగు గడులు గీయండి. ఇష్యూ ఏమిటి, రుజువు చేసే భారం ఎవరిది, ఏ సాక్షి చెబుతాడు, ఏ డాక్యుమెంటు చూపిస్తాం. మన ఉదాహరణలో అతి ముఖ్యమైన ఇష్యూ, వాది తన వంతు నెరవేర్చడానికి మొదటి నుంచీ సిద్ధంగా, సుముఖంగా ఉన్నాడా అనేది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 16(సి) అడిగేది అదే. ఆ వరుసలో ‘బ్యాంకు స్టేట్‌మెంటు’ అని రాసేసి ముందుకు పోకండి. మిగతా సొమ్ము ఆ నెలల్లో ఆ ఖాతాలో నిజంగా ఉందా అని క్లయింటును పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ‘డబ్బు మా బావమరిది దగ్గర పెట్టాం సార్’ అని అప్పుడు చెబుతాడు. అయితే బావమరిది కూడా సాక్షే, ఆయన పాస్‌బుక్కూ కావాలి. ఈ సంగతి 15 రోజుల్లోపు తెలిస్తే ఆయన పేరు జాబితాలోకి వెళుతుంది. క్రాస్‌లో తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఆ కాగితం వెనక క్యాలెండర్ వెయ్యండి. మే నెల సెలవులు, సంక్రాంతి, దసరా అందరూ గుర్తుపెట్టుకుంటారు. పల్లెటూరి సాక్షులకు నాట్లు, కోతల రోజులు కూడా రాయండి. కోతల్లో ఉన్న రైతును సాక్ష్యానికి పిలిస్తే రాడు. వచ్చినా మనసంతా చేలోనే ఉంటుంది.

2. ఎవరి పని ఏమిటో పేరు పెట్టి రాయండి

చిన్న ఆఫీసుకు సీనియర్, ఇద్దరు జూనియర్లు, గుమస్తా, టైపిస్టు ఉంటే చాలు. కానీ ‘అందరం చూసుకుంటాం’ అన్న పని ఎవరూ చూసుకోరు.

మా ఆఫీసులో పద్ధతి ఇలా ఉంటుంది. ఒక జూనియర్ చేతిలో డాక్యుమెంట్లు మాత్రమే. రెండో జూనియర్ పని సాక్షులు, హాల్లో నోట్సు. గుమస్తా గారి పని సెక్షన్‌లో, అంటే కోర్టు ఆఫీసులో: ప్రాసెస్ (సమన్లు పంపించే పని), బత్తా (సాక్షి కోసం కట్టే ఖర్చు), కాపీ అప్లికేషన్లు, వాయిదా డైరీ. క్లయింటు కుటుంబం నుంచి ఒకే ఒక్క మనిషి, ఒకే ఫోన్ నంబరు. అన్న ఒకటి చెప్పి, తమ్ముడు ఇంకొకటి చెప్పి, అల్లుడు సీనియర్‌కు నేరుగా ఫోన్ చేసే పరిస్థితి ట్రయల్ వారంలో రాకూడదు.

గుమస్తా గారి గురించి ఒక మాట. ఇరవై ఏళ్లుగా అదే కోర్టు వరండాలో తిరిగిన మనిషికి ఏ సెక్షన్‌లో ఏ కాగితం ఎన్నాళ్లు ఆగుతుందో, ఏ బెంచి మీద సాక్ష్యాలు ఏ పూట జరుగుతాయో తెలుసు. ప్లాన్ వేసేటప్పుడు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి. ప్లాన్ అయిపోయాక పిలిచి పనులు చెబితే ఆయనకున్న అనుభవంలో సగం మీకు అందదు.

3. కాగితాలు

ముందు అసలు డాక్యుమెంట్లు. క్లయింటు దగ్గర నుంచి తీసుకున్న ప్రతి ఒరిజినల్‌కు ఒక రిజిస్టరులో ఎంట్రీ ఉండాలి. ఏ తేదీన, ఎవరి చేతుల మీదుగా, ఎన్ని పేజీలు, ఇప్పుడు ఎక్కడుంది. ఆఫీసు బీరువాలోనా, కోర్టులో దాఖలైందా, బ్యాంకు లాకర్లోనా. నాకు తెలిసిన ఒక కేసులో పీడబ్ల్యూ1 (వాది తరఫు మొదటి సాక్షి) బోనెక్కాక అగ్రిమెంటు ఒరిజినల్ లాకర్లో ఉందని తెలిసింది. లాకరు రెండో తాళం చెవి ఉన్న భార్య ఊళ్లో లేదు. ఆ వాయిదా వృథా అయింది. పైగా ‘ఒరిజినల్ లేదు కాబట్టే వాయిదా అడుగుతున్నారు’ అని ఎదుటి పక్షం రికార్డు మీద అనగలిగింది.

ఒరిజినల్ చేతిలోకి రాగానే స్టాంపు చూడండి. మన రెండు రాష్ట్రాల్లో ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అగ్రిమెంటులో ‘ఈ రోజే స్వాధీనం చేశాను’ అన్న ఒక్క వాక్యం ఉంటే, స్టాంపు చట్టం షెడ్యూలు 1ఎ, ఆర్టికల్ 47ఎ కింద ఉన్న వివరణ ప్రకారం దానికి సేల్ డీడ్‌కు పడేంత స్టాంపు పడాలి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నది మార్కింగ్ (కోర్టు నంబరు వేసి రికార్డులోకి తీసుకోవడం) దగ్గర ఆగిపోతుంది. లోటు సుంకం, దాని మీద పది రెట్ల పెనాల్టీ కట్టాలనే మాట వస్తుంది. ఆరు నెలల ముందు ఈ సంగతి చూసి ఉంటే ఎంత అవుతుందో క్లయింటుకు చెప్పి, డబ్బు సిద్ధం చేయించి, డాక్యుమెంటును జిల్లా రిజిస్ట్రారుకు పంపించమని కోర్టును కోరాలా, కోర్టులోనే కట్టాలా అన్నది సీనియర్ ప్రశాంతంగా తేల్చుకునేవారు. సాక్షి బోనులో నిలబడి ఉండగా తేల్చుకోవలసిన విషయం కాదిది.

తర్వాత సెట్లు. కోర్టుకు ఒకటి, ఎదుటి లాయరుకు ఒకటి, సీనియర్‌కు పని చేసుకునే సెట్టు ఒకటి, సాక్షికి చూపించడానికి ఏ గీతా, ఏ రాతా లేని శుభ్రమైన సెట్టు ఒకటి. ఈ నాలుగోది చాలామంది చెయ్యరు. సీనియర్ పెన్సిల్‌తో మార్జిన్‌లో ‘ఇక్కడ అబద్ధం’ అని రాసుకున్న కాపీ పొరపాటున సాక్షి చేతికి వెళ్లడం నేను కళ్లారా చూశాను.

నాలుగు సెట్లలోనూ పేజీ నంబరు ఒకటే ఉండాలి. సీనియర్ 47 అంటే నలుగురూ తెరిచేది ఒకే కాగితం కావాలి. ప్రతి డాక్యుమెంటుకూ కుడివైపు బయటికి కనిపించే చీటీ అంటించండి. వాది డాక్యుమెంట్లు మార్క్ అయ్యేది ఎ1, ఎ2 అని, ప్రతివాదివి బి1, బి2 అని, బయటి సాక్షి తెచ్చినవి ఎక్స్ వరుసలో, కోర్టు నియమించిన కమిషనర్ రిపోర్టు లాంటివి సి వరుసలో. మార్క్ కాకముందే చీటీ మీద ఇంకుతో ‘ఎ5’ అని రాసేయకండి. ఒక డాక్యుమెంటు మీద అభ్యంతరం వచ్చి ఆగితే తర్వాతి నంబర్లన్నీ మారిపోతాయి. పెన్సిల్‌తో రాసుకుని, మార్క్ అయ్యాక ఇంకుతో ఖాయం చెయ్యండి.

జిరాక్సు కాపీలను విడిగా ఒక జాబితా వెయ్యండి. వాటి ఒరిజినల్ ఎవరి దగ్గరుంది? ఎదుటి వాళ్ల దగ్గరుంటే హాజరుపరచమని నోటీసు ఇచ్చామా? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరికేదైతే సర్టిఫైడ్ కాపీ పెట్టామా? ఈ పునాది లేకుండా జిరాక్సును మార్క్ చేయమని అడిగితే అవతలివాళ్లు ఊరుకోరు.

ఫోన్లో ఉన్నవాటికి వేరే శ్రద్ధ కావాలి. అమ్మినాయన ‘వచ్చే నెల రిజిస్ట్రేషన్ చేస్తాను’ అని పంపిన వాట్సాప్ మెసేజి మన కేసుకు ప్రాణం. దాని ప్రింటవుట్ ఒక్కటే చాలదు, అది ఏ ఫోన్ నుంచి ఎలా తీసిందో చెప్పే సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ తప్పనిసరి అని అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు 2020లో స్పష్టంగా చెప్పింది. అప్పటి సాక్ష్య చట్టం సెక్షన్ 65బి స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 వచ్చింది. కొత్త ఫారంలో రెండు భాగాలు ఉంటాయి, ఒకటి పార్టీ నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి, హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) కూడా రాయాలి. ఆ తేదీ నాటికే పెండింగ్‌లో ఉన్న దావాలకు పాత చట్టమే వర్తిస్తుంది కాబట్టి మీ దావా దాఖలైన తేదీ చూసుకుని ఫారం ఎంచుకోండి. క్లయింటుకు మొదటి రోజే గట్టిగా చెప్పండి: కేసు అయ్యేదాకా ఆ ఫోన్ అమ్మకూడదు, మార్చుకోకూడదు, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకూడదు.

4. సాక్షులు

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. కాగితం పెట్టిన చోట ఉంటుంది. మనిషికి భయం ఉంటుంది, జ్వరం వస్తుంది, ఇంట్లో పెళ్లి ఉంటుంది, ఎదుటి పక్షంతో చుట్టరికం ఉంటుంది.

ప్రతి సాక్షికీ ఒక పేజీ పెట్టండి. వయసు, ఊరు, కోర్టుకు ఎంత దూరం, ఏ బస్సు, ఫోన్ ఎవరిది, రోజూ వేసుకునే మందులు, కళ్లద్దాలు, చెవి వినబడుతుందా, చదవగలరా, ఏ భాషలో చదవగలరు. ఈ పేజీ నింపడానికి ఫోన్ సరిపోదు. ఒక ఆదివారం ఊరికి వెళ్లి ఇంట్లో కూర్చుని మాట్లాడండి. ‘బాబూ, నేను సంతకం పెట్టిన మాట నిజమే గానీ, అవతలాయన మా మేనల్లుడి వియ్యంకుడు’ అని పెద్దాయన చెప్పేది ఆ ఇంటి అరుగు మీదే.

సమన్లు ఎవరికి అవసరం, ఎవరికి అక్కర్లేదు అన్నది విడదీయండి. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లను ఆర్డరు 16 రూలు 1ఎ కింద సమన్లు లేకుండానే తీసుకురావచ్చు. కానీ బ్యాంకు అధికారి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మనిషి సమన్లు లేకుండా రారు, రాకూడదు కూడా. వాళ్లకు ఏ రికార్డు తేవాలో సమన్లలో స్పష్టంగా ఉండాలి: ఖాతా నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. ‘సంబంధిత రికార్డులు’ అని రాస్తే ఆయన ఒక కాగితం తెచ్చి, మిగతావి అడగలేదు కదా అంటారు. బత్తా సకాలంలో కట్టండి. బత్తా కట్టని ప్రాసెస్ సెక్షన్‌లోనే ఉండిపోతుంది. అది వాయిదా నాడు తెలిస్తే తప్పు మన మీదే పడుతుంది. తొందరగా అందాలంటే, సమన్లను పార్టీయే స్వయంగా అందించేలా రూలు 7ఎ కింద అనుమతి కోరవచ్చు.

వరుస కూడా చూసుకోండి. పార్టీ తాను సాక్ష్యం ఇవ్వాలనుకుంటే మిగతా సాక్షుల కంటే ముందే బోనెక్కాలి, లేదంటే కోర్టు అనుమతి కావాలి. ఆర్డరు 18 రూలు 3ఎ ఇది. పెద్దాయనకు ఎనభై దాటాయి, ఆరోగ్యం బాగోలేదు అనుకుంటే ట్రయల్ దాకా ఆగకండి. ఆర్డరు 18 రూలు 16 కింద వెంటనే విచారించమని, లేదా కమిషనర్ ఇంటికి వెళ్లి సాక్ష్యం నమోదు చేసేలా ఆర్డరు 26 కింద పిటిషన్ వెయ్యమని సీనియర్‌కు గుర్తు చెయ్యండి. వీలునామా కేసుల్లో ఇది మరీ ముఖ్యం. బతికి ఉన్న అటెస్టర్ (వీలునామా మీద సాక్షి సంతకం చేసినవారు) ఒక్కరైనా వచ్చి చెప్పాల్సిందే.

చీఫ్ అఫిడవిట్ దగ్గర ఒక పెద్ద గొయ్యి ఉంది. ఆర్డరు 18 రూలు 4 ప్రకారం ముఖ్య విచారణ అఫిడవిట్ రూపంలోనే ఇస్తాం. అది ఇంగ్లీషులో టైప్ అవుతుంది. సాక్షికి వచ్చింది తెలుగు. క్రాస్‌లో మొదటి ప్రశ్న, ‘మీ అఫిడవిట్‌లో ఏముందో మీకు తెలుసా?’ సాక్షి నిజాయితీగా ‘మా లాయరు గారు రాయించారండి’ అంటాడు. కాబట్టి సంతకానికి ముందు ప్రతి పేరా తెలుగులో చదివి వినిపించాలి. ఆయన ‘అలా కాదు, ఇలా జరిగింది’ అంటే మార్చి మళ్లీ టైప్ చేయించాలి. తీరిగ్గా కూర్చుంటే గంటన్నర పడుతుంది. కోర్టు ఆవరణలో నోటరీ బల్ల దగ్గర హడావిడిగా సంతకం పెట్టించే అలవాటు దయచేసి మానుకోండి. అఫిడవిట్ తెలుగులోనే తయారు చేయగలిగితే ఇంకా మంచిది.

సాక్షిని సిద్ధం చేయడానికీ, సాక్ష్యం నేర్పడానికీ మధ్య ఉన్న గీతను టీమ్‌లో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. బోను ఎక్కడుంటుంది, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనవచ్చు, తెలియనిది తెలియదని చెప్పవచ్చు, తన సంతకం ఉన్న కాగితం ముందుగా చూసుకోవచ్చు. ఇదంతా చెప్పాలి. ఒక రోజు ముందుగా ఖాళీ హాలు చూపిస్తే సగం టెన్షన్ పోతుంది. కానీ ‘ఇలా అడిగితే ఇలా చెప్పు’ అనే మాట టీమ్‌లో ఎవరి నోటా రాకూడదు, క్లయింటు తరఫు బంధువుల నోటా రానివ్వకూడదు. అది తప్పు. పైగా నేర్పిన మాట క్రాస్‌లో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. సాక్షికి దారి ఖర్చు, భోజనం, పోయిన కూలి వరకు ఇవ్వడం వేరు, సాక్ష్యానికి డబ్బు ఇవ్వడం వేరు. ఇచ్చిన ప్రతి రూపాయికీ చీటీ ఉంచండి.

మన ఇళ్లలో ఇప్పుడు తరచూ వచ్చే చిక్కు ఒకటుంది. కొన్నది అమెరికాలో ఉన్న కొడుకు, ఇక్కడ కేసు నడిపేది జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉన్న తండ్రి. కొడుకుకు మాత్రమే స్వయంగా తెలిసిన విషయాల మీద జీపీఏ హోల్డర్ ఆయన బదులు సాక్ష్యం చెప్పడానికి వీల్లేదని జానకీ వాష్‌దేవ్ భోజ్వానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘సుముఖంగా ఉన్నాను’ అన్నది ఆ కొడుకే చెప్పాలి. ఆయన రావాలి, లేదా వీడియో కాన్ఫరెన్స్‌కు ముందే పిటిషన్ వేసి అనుమతి తెచ్చుకోవాలి. 2003లో ప్రఫుల్ దేశాయ్ కేసు నుంచి వీడియో ద్వారా సాక్ష్యానికి దారి ఉంది. అవతలి చివర కోఆర్డినేటర్ ఎవరు, భారత కాన్సులేట్‌తో ఎప్పుడు మాట్లాడాలి, ఆయనకు చూపించాల్సిన డాక్యుమెంట్ల కాపీలు ముందుగా ఎలా చేరతాయి, ఇవన్నీ ఎదుటి పక్షానికి కూడా తెలిసేలా కాగితం మీద ఉండాలి. గంటలు లెక్క వేసుకోండి. ఇక్కడ ఉదయం 10:30 అంటే న్యూయార్క్‌లో వేసవిలో రాత్రి ఒంటిగంట, చలికాలంలో అర్ధరాత్రి 12. ఏ పూట తీసుకోవాలన్నది పిటిషన్‌లోనే అడగండి. ఇక ఆ తండ్రి జీపీఏ విదేశంలో రాసి పంపిందైతే, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించారా అన్నది కూడా చూడండి.

5. వేరే ఊరి కోర్టుకు వెళుతున్నప్పుడు

హైదరాబాద్ నుంచి సీనియర్ జిల్లా కేంద్రానికి వస్తున్నారనుకోండి. హోటల్ ఎంత పెద్దది అనేదానికంటే కోర్టుకు ఎంత దగ్గర అనేది ముఖ్యం. గదిలో నలుగురు కూర్చుని కాగితాలు పరుచుకునే బల్ల ఉండాలి. మంచం మీద కట్టలు విప్పితే పేజీలు కలిసిపోతాయి. మన ప్రింటర్ మనం తీసుకెళ్లాలి, రెండో టోనర్‌తో సహా. పవర్ ఎక్స్‌టెన్షన్, రెండు కంపెనీల సిమ్‌లు, రెండు రీముల కాగితం, పంచింగ్ మిషను, ట్యాగులు, అడ్వకేట్ల వెల్ఫేర్ స్టాంపులు, కోర్టు ఫీజు స్టాంపులు.

స్థానిక లాయరును మొదటి రోజు నుంచీ కలుపుకోండి. హాలు పద్ధతి, జడ్జి గారు సాక్ష్యం ఏ పూట తీసుకుంటారు, బార్ అసోసియేషన్ హాల్లో సాక్షులు కూర్చోవచ్చా, ఆయనకే తెలుసు. ఎదుటి పక్షం సాక్షులు, మన సాక్షులు ఒకే చెట్టు కింద కూర్చోకుండా చూడటం కూడా ఆయన సాయంతోనే వీలవుతుంది.

భోజనం సంగతి తేలిగ్గా తీసుకోకండి. షుగర్ ఉన్న సాక్షిని మధ్యాహ్నం రెండున్నర దాకా ఆకలితో ఉంచితే ‘గుర్తులేదు’ అనే జవాబులే వస్తాయి. అరటిపండ్లు, బిస్కెట్లు, మంచినీళ్లు ఒక సంచిలో ఎప్పుడూ ఉండాలి. ఆ సంచి ఎవరి చేతిలో ఉంటుందో కూడా రాసిపెట్టండి.

6. ముందు వారం, ముందు రోజు, ఆ ఉదయం

వారం ముందు: సాక్షులందరికీ మళ్లీ ఫోన్, సమన్లు అందినట్టు రిపోర్టు సెక్షన్‌కు తిరిగి వచ్చిందా అని చూడటం, చీఫ్ అఫిడవిట్ కాపీ ఎదుటి లాయరుకు ఇచ్చి సంతకం తీసుకోవడం.

ముందు రోజు సాయంత్రం: ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరుతో (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక నంబరు) కేసు తెరిచి తేదీ, స్టేజి, హాలు చూడండి. కాజ్ లిస్టులో (ఆ రోజు కేసుల జాబితాలో) మన కేసు ఎన్నోదో చూడండి. యాప్ చూశాం కదా అని ఆగకండి, గుమస్తా గారు బెంచ్ క్లర్కును కనుక్కోవాలి. జడ్జి గారు సెలవు పెట్టారా, ఇన్‌చార్జి ఎవరు, బార్ విధుల బహిష్కరణకు పిలుపు ఉందా. పెద్దాయన తెల్లవారుజామున నాలుగింటికి ఊళ్లో బస్సెక్కక ముందే ఇది తెలియాలి. మా కేసులో ఒక సాక్షి మూడుసార్లు వచ్చి మూడుసార్లూ ఊరికే తిరిగి వెళ్లాడు. నాలుగోసారి రాలేదు. ఆయన్ను నేను తప్పు పట్టలేను.

ఇక్కడ ఇంకొక లెక్క ఉంది. ఆర్డరు 17 రూలు 1 ఒక పార్టీకి మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదంటుంది. మనం అడిగిన ప్రతి వాయిదానూ డైరీలో ఎర్ర ఇంకుతో రాయండి. ఎన్ని వాడేశామో సీనియర్‌కు ఎప్పుడూ తెలిసుండాలి.

ఆ ఉదయం: టీమ్ పది గంటలకల్లా హాల్లో ఉండాలి. కాల్ వర్క్‌లో కేసు పిలిచినప్పుడు ‘సాక్షి హాజరు, సిద్ధంగా ఉన్నాం’ అని చెప్పడానికి సాక్షి నిజంగా వరండాలో ఉండాలి, టీ కొట్టు దగ్గర కాదు. సాక్షికి ఆధార్, కళ్లద్దాలు. ఒరిజినల్స్ బ్యాగు డాక్యుమెంట్ల జూనియర్ ఒడిలో ఉండాలి, కుర్చీ కింద పెట్టకూడదు.

7. హాల్లో

సీనియర్ వెనక ఎడమవైపు డాక్యుమెంట్ల జూనియర్, కుడివైపు నోట్సు జూనియర్. క్రాస్ ప్లాన్ డాక్యుమెంట్ల జూనియర్‌కూ తెలిసుండాలి, అప్పుడే తర్వాతి కాగితం ముందే చేతిలో ఉంటుంది. మాటలు వద్దు. మేం చిన్న చీటీలు వాడతాం: పేజీ, పేరా, అంతే.

నోట్సు రాసేవాళ్లకు నా గట్టి సలహా, సాక్షి అన్న తెలుగు మాటను తెలుగులోనే రాయండి. మన కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతాడు, డిపోజిషన్ (నమోదైన సాక్ష్యం) చాలాచోట్ల ఇంగ్లీషులో టైప్ అవుతుంది. ఆ దారిలో అర్థం జారిపోతుంది. ‘నాకు గుర్తులేదు’, ‘నాకు తెలియదు’ ఒకటి కాదు. ‘ఇచ్చారంట’ అంటే విన్న మాట, ‘ఇచ్చారు’ అంటే చూసిన మాట. పెద్దాయన ‘డబ్బు ఇచ్చారంటండి’ అన్నది ఇంగ్లీషులో ఇచ్చినట్టుగా పడిపోతే, అది మనకు లాభమైనా సరే, తర్వాత అప్పీల్లో గొడవే. తేడా కనిపించగానే సీనియర్‌కు చీటీ ఇవ్వండి. సవరణ అడగాల్సింది అప్పుడే, మర్యాదగా. ఇంగ్లీషు రాని సాక్షికి డిపోజిషన్‌ను తెలుగులో వినిపించాలని ఆర్డరు 18 రూలు 6 చెబుతోంది. తొందరలో ఆ పని జరగకపోతే అడిగి చేయించండి. సాక్షి సంతకం దాని తర్వాతే.

డాక్యుమెంటు మార్క్ అయిన ప్రతిసారీ నంబరు, ఎవరి ద్వారా, అభ్యంతరం వచ్చిందా, ‘అభ్యంతరానికి లోబడి’ అని రాశారా అన్నది వెంటనే పట్టికలో ఎక్కించండి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాద్దాం అనుకుంటే ఎ6, ఎ7 తారుమారవుతాయి.

8. సాయంత్రం, డబ్బు

ముందు సాక్షిని ఇంటికి చేర్చండి. బస్సెక్కించి, చేరాక ఫోన్ చేసి కనుక్కోండి. క్రాస్ సగంలో ఆగితే మిగతాది పూర్తయ్యేదాకా ఆ సాక్షితో సాక్ష్యం గురించి మాట్లాడకండి. యోగక్షేమాలు, రేపటి సమయం, అంతవరకే.

అదే సాయంత్రం కాపీ అప్లికేషన్ వెయ్యండి. డిపోజిషన్ సర్టిఫైడ్ కాపీ వచ్చేదాకా నోట్సు జూనియర్ రాసిందే ఆధారం, కాబట్టి ఆ రాత్రే శుభ్రంగా టైప్ కావాలి. తర్వాత పదిహేను నిమిషాలు అందరూ కూర్చుని మొదటి సాయంత్రం గీసిన పెద్ద కాగితం తెరవండి. ఏ గడి నిండింది, ఏది మిగిలింది.

ఖర్చుకు క్లయింటు నుంచి ముందుగా కొంత మొత్తం తీసుకుని విడి పుస్తకంలో రాయండి. బత్తా, కాపీలు, ప్రయాణం, భోజనం, జిరాక్సు, కమిషనర్ ఫీజు. రసీదు లేని చోట, ఎవరికైనా సరే, ఇవ్వకండి. వారానికోసారి క్లయింటుకు లెక్క చూపించండి. భూమి మీద అప్పు తెచ్చి కేసు నడిపే మనుషులు వాళ్లు. గెలిస్తే ఖర్చుల మెమోకు కూడా ఈ పుస్తకమే ఆధారం.

9. తీర్పు వచ్చాక

చాలా ఆఫీసులు ఇక్కడ కట్ట కట్టి అటక ఎక్కిస్తాయి. మార్క్ అయిన ఒరిజినల్స్ ఇంకా కోర్టులోనే ఉన్నాయి. అప్పీలు గడువు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. ఆ గడువు దాటి అప్పీలు లేదని తేలాక, లేదా అప్పీలు ముగిశాక, ఆర్డరు 13 రూలు 9 కింద వాటిని వాపసు కోరుతూ పిటిషన్ వెయ్యాలి. డైరీలో ఆ తేదీ తీర్పు రోజునే రాయండి. డాక్యుమెంట్లు చేతికి వచ్చిన రోజున క్లయింటును పిలిచి, పేజీలు లెక్కపెట్టించి, మొదటి రోజు తెరిచిన ఆ రిజిస్టరులో ఎ1 ఎదురుగా ఉన్న ఖాళీ గడిలో ఆయన సంతకం తీసుకోండి.